మన పిల్లల రికమండేషన్ లెటర్లు మనమే రాద్దాం

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల డిగ్రీ, ఇంజినీరింగ్ కాలేజీల ప్రిన్సిపాళ్లకు, హెచ్‌ఓడీలకు, తోటి అధ్యాపకులకు నమస్కారం.

నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు గుంటూరులో ఉంటున్నాను. స్కాలర్‌షిప్‌లకు, ఫెలోషిప్‌లకు అప్లై చేసే పిల్లలు కొందరు సాయంత్రాలు మా ఇంటికి వచ్చి తాము రాసుకున్నవి చూపిస్తుంటారు. చదివి, ఎక్కడ అర్థం కాలేదో, ఎక్కడ నమ్మబుద్ధి కాలేదో చెబుతాను. బ్రాడీపేట నుంచి నడిచి వచ్చేవాళ్లున్నారు, బెజవాడ నుంచి రైలెక్కి వచ్చేవాళ్లున్నారు. తెనాలి, మంగళగిరి, నరసరావుపేట పిల్లలూ ఉన్నారు. వాళ్ల అప్లికేషన్లు చూసీ చూసీ మీతో ఒక విషయం నేరుగా మాట్లాడాలనిపించింది.

విషయం రికమండేషన్ లెటర్ గురించి.

మన దగ్గర అది ఎలా తయారవుతుందో మీకు తెలుసు. విద్యార్థి స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడి భయపడుతూ అడుగుతాడు. "నువ్వే టైప్ చేయించుకు రా నాన్నా, సంతకం పెడతాను" అంటారు సార్. ఆయన మంచిమనసుతోనే అంటారు. పిల్లవాడు కాలేజీ ఎదురుగా ఉన్న డీటీపీ సెంటర్‌కి వెళతాడు. అక్కడి కంప్యూటర్‌లో అంతకుముందు ఎవరికో చేసిన ఫైల్ ఉంటుంది. పేరు, రోల్ నంబరు, బ్రాంచి మారుస్తారు. లెటర్‌హెడ్ మీద ప్రింట్ తీస్తారు. ఒకమ్మాయి తెచ్చిన లెటర్‌లో రెండో పేరా నుంచి ఆమె "అతను" అయిపోయింది. పాత ఫైల్లో పేరు మార్చినవాళ్లు అది గమనించలేదు. సంతకం పెట్టినవారూ చదవలేదు. సీలు మాత్రం చక్కగా పడింది.

ఆ లెటర్లన్నిటిలో ఉండేది ఒకటే సరుకు: సిన్సియర్, హార్డ్‌వర్కింగ్, పంక్చువల్, మంచి నడవడి, ఉజ్వల భవిష్యత్తు ఉండాలని కోరుకుంటున్నాం. ఇవి చదివిన సెలక్షన్ కమిటీవాళ్లకు ఆ విద్యార్థి గురించి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. తెలిసేదల్లా ఒక్కటే, ఈ కాలేజీలో ఈ పిల్లను దగ్గరగా చూసినవాళ్లు ఎవరూ లేరని. మూడేళ్లో నాలుగేళ్లో చదివిన చోట తనను ఎవరూ ఎరగరని చెప్పే కాగితాన్ని, ఆ పిల్ల తనే తీసుకెళ్లి అప్‌లోడ్ చేస్తోంది. నాకు బాధ కలిగించేది ఇదే.

అప్లికేషన్‌లో మిగతావన్నీ విద్యార్థి తన గురించి తాను చెప్పుకునేవే. వ్యాసాలు తను రాసినవి, రెజ్యూమె తను రాసుకున్నది. మార్కులు అంకెలు, అవి ఎవరి కథా చెప్పవు. వేరే మనిషి కళ్లతో ఆ విద్యార్థి కనిపించేది మనం రాసే ఆ ఒకటి రెండు పేజీల్లోనే. కేంబ్రిడ్జిలో 2000లో మొదలైన గేట్స్ స్కాలర్‌షిప్ నాలుగు విషయాలు చూస్తామని బాహాటంగానే చెబుతుంది: అసాధారణమైన చదువు, ఆ కోర్సే ఎందుకు ఎంచుకున్నారన్న కారణం, ఇతరుల జీవితాలు బాగుచేయాలన్న పట్టుదల, నాయకత్వం. ఇందులో మార్కుల మెమోతో తేలేది మొదటిదే, అదీ సగమే. మిగతావి నమ్మాలంటే చూసినవాళ్లు చెప్పాలి.

మంచి లెటర్ ఎలా ఉంటుందని నన్ను అడిగితే నేను 1913 నాటి ఒక లెటర్ గుర్తుచేస్తాను. అప్పటికి రామానుజన్ మద్రాసు పోర్ట్ ట్రస్ట్‌లో గుమస్తా. డిగ్రీ లేదు. భారత వాతావరణ శాఖ అధిపతి గిల్బర్ట్ వాకర్ పనిమీద మద్రాసు వచ్చినప్పుడు, పోర్ట్ ట్రస్ట్ పెద్ద సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ ఆయనకు రామానుజన్ లెక్కలు చూపించారు. వాకర్ కేంబ్రిడ్జిలో గణితం చదివినవాడు, అక్కడ సీనియర్ రాంగ్లర్, అంటే గణిత పరీక్షలో ఆ ఏడాది మొదటివాడు. ఆయన మద్రాసు యూనివర్సిటీకి లెటర్ రాశారు. యూనివర్సిటీ ఆ డిగ్రీ లేని గుమస్తాకు నెలకు 75 రూపాయల చొప్పున రెండేళ్ల పాటు రీసెర్చ్ స్కాలర్‌షిప్ ఇచ్చింది.

ఆ లెటర్‌లో పొగడ్తలు ఎక్కువ లేవు. నేను చూసిన పని ఇది అన్నారు. దాని కొత్తదనం కేంబ్రిడ్జి కాలేజీలో ఒక గణిత ఫెలో చేసే పనితో పోల్చదగ్గదన్నారు. అతను పెరిగిన పరిస్థితుల వల్ల సంపూర్ణత, కచ్చితత్వం తగ్గాయని దాచకుండా రాశారు. అతను పనిచేస్తున్న గణిత శాఖల్లో తనకు ప్రత్యేక పరిచయం లేదు కాబట్టి పూర్తి అంచనా వేయలేనని ఒప్పుకున్నారు. అయినా ఇతనికి కొన్నేళ్లు బతుకుతెరువు దిగులు లేకుండా గణితం చేసుకునే వీలు యూనివర్సిటీ కల్పించడం సబబని తేల్చి చెప్పారు. ఏం చూశాను, ఎవరితో పోలుస్తున్నాను, లోటేమిటి, నాకు తెలియనిదేమిటి, మీరేం చేయాలి. నూరేళ్లు దాటినా రికమండేషన్ లెటర్‌కు ఇంతకన్నా మంచి కొలత నాకు దొరకలేదు. లోటు రాయడం వల్లే మిగతాది నమ్మదగ్గదైంది చూడండి. మన లెటర్లలో ఏ విద్యార్థికీ ఏ లోటూ ఉండదు.

మన తరగతుల్లో రామానుజన్‌లు కూర్చుని ఉన్నారని నేననను. కానీ రాయదగ్గ విషయం ఉన్న పిల్లలు ప్రతి సెక్షన్‌లోనూ ఉన్నారు. ఉదాహరణకు, స్టాటిస్టిక్స్ చదివే కుర్రాడు ఒకడు ప్రాజెక్టు కోసం మిర్చి యార్డు రేట్లు సేకరించాడనుకుందాం. యార్డుకు సెలవు వచ్చిన రోజుల లెక్క ఏం చేయాలో తెలియక మూడుసార్లు మీ దగ్గరకు వచ్చాడు. మీరు చెప్పిన పద్ధతి తన లెక్కకు సరిపోవట్లేదని నాలుగోసారి వచ్చి చెప్పాడు, అతనన్నదే నిజమైంది. ఇది రాయండి. ఈ నాలుగు వాక్యాల ముందు హార్డ్‌వర్కింగ్ అన్న మాట అక్కరకు రాదు. బుడమేరు వరద 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మన విద్యార్థులు చాలామంది సాయానికి వెళ్లారు. "వరద సహాయంలో పాల్గొన్నాడు" అని రాస్తే అది అందరికీ వర్తిస్తుంది. ఏ వీధిలో ఏ పని చేశాడు, అక్కడ ఏది కుదరక ఇంకో దారి వెతికాడు, తిరిగొచ్చాక తరగతిలో ఏం అడిగాడు అన్నది మాత్రం అతనొక్కడిదే.

డిగ్రీ పిల్లలకు మన రాష్ట్రంలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ ఉంది. ఊళ్లోకి వెళ్లి, ఇళ్లు తిరిగి, ఒక సమస్య గురించి తెలుసుకుని రిపోర్టు రాయాలి. నా లెక్కన స్కాలర్‌షిప్‌ల దృష్టితో చూస్తే మన పాఠ్యప్రణాళికలో ఇంత విలువైనది మరొకటి లేదు. ఇతర దేశాల విద్యార్థులు ఇలాంటి అనుభవం కోసం వెతుక్కుంటూ వెళతారు. మనకు అది సిలబస్‌లోనే ఉంది. కానీ చాలాచోట్ల రిపోర్టు కూడా ఆ డీటీపీ సెంటర్‌లోనే పుడుతోంది. అదే ఊరి పేరు, అవే పట్టికలు, బైండింగ్ రంగు మాత్రమే వేరు. ఆ రిపోర్టును ఒక అధ్యాపకుడు నిజంగా చదివి, పిల్లను కూర్చోబెట్టి పావుగంట ప్రశ్నలు వేస్తే, ఆ పావుగంటలోంచే లెటర్‌కు కావలసిన సరుకు వస్తుంది. వ్యాసానికి కావలసినదీ వస్తుంది. ఇంజినీరింగ్‌లో మెయిన్ ప్రాజెక్ట్ సంగతీ అంతే. డబ్బిచ్చి కొనుక్కున్న ప్రాజెక్టు గురించి గైడ్ రాయగలిగింది ఏముంటుంది?

మీలో చాలామంది చెప్పబోయే మాట నాకు వినిపిస్తోంది: టైమ్ ఏది మేడమ్? నిజమే. ఒక్కొక్కరికి రెండు మూడు సెక్షన్లు, సెక్షన్‌కు అరవై డెబ్భై మంది. కాలేజీ గుర్తింపు కోసం నాక్ ఫైళ్లు, ఎన్‌బీఏ ఫైళ్లు, ఇన్విజిలేషన్. ప్రైవేటు కాలేజీల్లో అయితే వేసవిలో అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరగాల్సిన ఖర్మ. ఈ టెన్షన్ల మధ్య లెటర్ రాయమనడం అన్యాయంగా అనిపించవచ్చు. అందుకే ఈ లేఖలో ముందు ప్రిన్సిపాళ్లను సంబోధించాను. లెటర్ రాయడం, పిల్లలకు అప్లికేషన్లలో సాయపడటం పనిగంటల్లో భాగమని మీరు ఒప్పుకోవాలి. ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌కు గది, కుర్చీ, ఫోను ఇచ్చినట్టే, ఉన్న అధ్యాపకుల్లోనే ఇష్టమైన ఒకరికి ఈ పని అప్పగించి, వారానికి నాలుగు పీరియడ్లు తగ్గించండి. అది పెద్ద ఖర్చు కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివించే రోడ్స్ స్కాలర్‌షిప్‌కు ఎంపికైన భారతీయుల జాబితాల్లో బెంగళూరు నేషనల్ లా స్కూల్, ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ పేర్లు పదే పదే ఎందుకు కనిపిస్తాయి? అక్కడి పిల్లలు తెలివైనవాళ్లు, సందేహం లేదు. దానికి తోడు దారి తెలిసిన సీనియర్లు, ఇలాంటి లెటర్లు రాసి రాసి అలవాటుపడ్డ గురువులు అక్కడున్నారు. 1885లో మొదలైన ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ ఉన్న ఊరు మనది. గురువులకు కొదవ ఉన్న ప్రాంతం కాదిది.

ఇంకొక కారణం వల్ల కూడా ఇది కాలేజీ స్థాయిలో జరగాలి. అమెరికాలో చదివించే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌కు కనీసం మూడేళ్ల ఉద్యోగానుభవం కావాలి, మూడు రికమండేషన్ లెటర్లు కావాలి. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్‌కు రెండేళ్ల అనుభవం, గంటల్లో చెప్పాలంటే 2,800 గంటలు అడుగుతారు. అంటే మన పిల్లవాడు అప్లై చేసేనాటికి కాలేజీ వదిలి రెండు మూడేళ్లు దాటిపోతుంది. అప్పుడు ఫోన్ చేస్తే సార్‌కు ముఖం లీలగా గుర్తుంటుంది, అంతే. ఆ సార్ ఈలోగా ఇంకో కాలేజీకి మారిపోయి కూడా ఉంటారు. కాబట్టి గుర్తుండగానే రాసిపెట్టుకోవాలి. సెమిస్టర్ చివర ఒక నోట్‌బుక్‌లో, తమ దృష్టికి వచ్చిన నలుగురైదుగురి గురించి మూడేసి వాక్యాలు తేదీ వేసి రాసుకుంటే చాలు. నేను పనిచేసిన రోజుల్లో మా డిపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దావిడ ఇలా రాసుకునేవారు. ఎప్పుడో వెళ్లిపోయిన విద్యార్థి వచ్చి అడిగితే పుస్తకం తెరిచి, అతను ప్రాక్టికల్స్‌లో చేసిన పొరపాటు, దాన్ని సరిదిద్దుకున్న తీరు చదివి వినిపించేవారు. అతను ఆశ్చర్యపోయి చూస్తుండిపోయేవాడు.

ఎవరు రాయాలన్న దానిమీద కూడా మనకో అలవాటు ఉంది. పెద్ద హోదా ఉన్నవారి సంతకమైతే బరువు ఎక్కువని. అందుకని పాఠం చెప్పిన లెక్చరర్‌ను వదిలి ప్రిన్సిపాల్ దగ్గరికి, ఇంకా పలుకుబడి ఉంటే ఎమ్మెల్యే దగ్గరికి పరుగెడతారు. అకడమిక్ లెటర్ విషయంలో ఇది చేటు చేస్తుంది. ఎరిగినవారు రాసిన మామూలు ఇంగ్లీషు లెటర్, ఎరగనివారు సంతకం చేసిన గొప్ప లెటర్‌కన్నా వందరెట్లు మేలు. ఇంగ్లీషు గురించి మొహమాటపడే యువ అధ్యాపకులకు నేను చెప్పేది ఇదే. చిన్న వాక్యాలు రాయండి. చూసింది రాయండి. వ్యాకరణం ఎవరైనా ఒకసారి చూసిపెడతారు. విషయం మీరు తప్ప ఎవరూ ఇవ్వలేరు.

కొందరు అధ్యాపకులు నాతో, "వాడికి ఏం కావాలో వాడికే తెలుసు కదా, వాడు రాసుకుంటే తప్పేముంది" అన్నారు. తప్పుంది. ఈ లెటర్ గోప్యమైనదని అడిగేవాళ్లు భావిస్తారు. చాలా అప్లికేషన్లలో లింకు నేరుగా అధ్యాపకుడి ఈమెయిల్‌కే వస్తుంది, లెటర్ విద్యార్థి కంటపడకుండా అక్కడికి చేరాలని. తన లెటర్ తానే రాసి పంపినట్టు బయటపడితే ఆ అప్లికేషన్ అక్కడితో సరి. అంతకన్నా ముఖ్యం, ఇరవై ఏళ్ల పిల్లకు తన గురించి తాను అబద్ధపు సాక్ష్యం రాసుకోవడం మనమే నేర్పిస్తున్నాం. విద్యార్థి నుంచి మనం తీసుకోవలసింది వేరే ఉంది: ఏ స్కాలర్‌షిప్, ఎందుకు, చివరి తేదీ ఎప్పుడు, మన సబ్జెక్టులో తను చేసిన పనుల వివరాలు, వ్యాసం చిత్తుప్రతి. ఇవి మూడు వారాల ముందు ఇమ్మని గట్టిగా చెప్పండి. మర్నాడే చివరి తేదీ అంటూ వచ్చేవాళ్లకు ఏ గురువూ న్యాయం చేయలేరు.

ఆ ఈమెయిల్ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. కాలేజీ పేరుతో అధికారిక ఈమెయిల్ అధ్యాపకులకు ఇవ్వండి. ఇంకా చాలామంది సొంత జీమెయిల్‌తోనే నెట్టుకొస్తున్నారు, దాన్ని అవతలివాళ్లు అనుమానంగా చూస్తారు. ఆ సందు చూసుకునే, సార్ పేరుతో దొంగ ఐడీ సృష్టించి లెటర్ తామే పంపే కన్సల్టెన్సీల గురించి పిల్లలే నాకు చెప్పారు. ట్రాన్‌స్క్రిప్టులు, సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కులు కలిపిన మెమో), బోనఫైడ్ వంటివి ఎన్ని రోజుల్లో ఇస్తారో నోటీసు బోర్డు మీద రాయండి. ఫీజు బకాయి అనో మరొకటనో పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపి ఉంచవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. ఒక కాలేజీ ఇలా ఆపడం వల్ల ఒకమ్మాయి చివరి తేదీ దాటిపోయింది. ఆమె మళ్లీ ఏడాది ఆగలేక ఉద్యోగంలో చేరింది.

వ్యాసాల సంగతి క్లుప్తంగా చెబుతాను. బెంజి సర్కిల్ దగ్గరా, అరండల్‌పేటలోనూ డబ్బిస్తే ఎస్‌ఓపీ, అంటే ఎందుకు చదవాలనుకుంటున్నామో చెప్పే వ్యాసం, రాసిచ్చే చోట్లు ఉన్నాయి. చాలా కన్సల్టెన్సీలకు ఆదాయం విద్యార్థిని చేర్పించుకున్న యూనివర్సిటీల కమీషన్ నుంచి వస్తుంది. పూర్తి స్కాలర్‌షిప్ తెప్పించడంలో వాళ్లకు ఆసక్తి ఉండాల్సిన పనిలేదు. రోడ్స్ వాళ్లయితే వ్యక్తిగత వ్యాసం పూర్తిగా తన రాతేనని అభ్యర్థి చేత ధ్రువీకరణ తీసుకుంటారు. పిల్లలు తమ మాటల్లో రాసుకోవాలంటే రాసే అలవాటు ఉండాలి. చివరి సంవత్సరం రెండో సెమిస్టర్‌లో హఠాత్తుగా అది రాదు. ఈ స్కాలర్‌షిప్‌లు ఉన్నాయని రెండో సంవత్సరంలోనే వాళ్ల చెవిన వేయాలి.

ఇదంతా ఎవరికోసం అడుగుతున్నానో చెప్పకపోతే నా మాట సగమే అవుతుంది. తల్లిదండ్రులు చదువుకున్న పిల్లలకు ఎవరో ఒకరు దొరుకుతారు. అమెరికాలో బాబాయి ఉంటాడు, హైదరాబాద్‌లో పరిచయస్తులుంటారు. యార్డులో బస్తాలు మోసే మనిషి కూతురికి, ఆటోనగర్ మెకానిక్ కొడుకుకి, కౌలురైతు పిల్లలకు ఇంగ్లీషులో నాలుగు మాటలు రాసి సంతకం పెట్టగల పెద్దమనిషి లోకంలో ఒక్కరే, కాలేజీలో పాఠం చెప్పిన సార్ లేదా మేడమ్. యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్‌లో నెలకు 1,400 యూరోలు ఇస్తారు. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఏటా 125 మందికి, కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటని అణగారిన వర్గాల పిల్లలకు. పొలం అమ్మకుండా, ఇల్లు తాకట్టు పెట్టకుండా పై చదువుకు పోవడానికి వీళ్లకున్న దారులు ఇలాంటివే. మన ప్రాంతానికి ఇది కొత్త కూడా కాదు. శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1922లో బోస్టన్ చేరింది కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇస్తామన్న సాయం, మామగారు కూడబెట్టిన డబ్బు ఆసరాగానే. భీమవరం కుర్రాడి మీద ఎవరో నమ్మకం పెట్టారు.

మొదలుపెట్టడానికి రోడ్స్ దాకా పోనక్కర్లేదు. బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఏటా వేసవి రీసెర్చ్ ఫెలోషిప్‌లు ఇస్తాయి. రెండు నెలలు దేశంలోని మంచి ల్యాబుల్లో పనిచేయవచ్చు. విద్యార్థులకే కాదు, అధ్యాపకులకూ అవకాశం ఉంది. అప్లికేషన్లు సాధారణంగా నవంబరులో ముగుస్తాయి. విద్యార్థి ఒక చిన్న రైటప్ రాయాలి, మనం ఒక రికమండేషన్ లెటర్ రాయాలి. ప్రతి సైన్స్ డిపార్ట్‌మెంట్ నుంచి ఈసారి ఇద్దరి చేత అప్లై చేయించండి. ఆ ఇద్దరి లెటర్లు వారికి పాఠం చెప్పినవారే, మొదటి వాక్యం నుంచి చివరిదాకా, సొంతంగా రాయండి.

రాసేటప్పుడు ఎక్కడైనా చిక్కుపడితే నేను వస్తాను. గుంటూరులో అయినా, కృష్ణ అవతల బెజవాడలో అయినా, ఏ శనివారం మధ్యాహ్నమైనా సరే. విద్యార్థి పేరు కొట్టేసిన మీ చిత్తుప్రతులు పట్టుకురండి, స్టాఫ్‌రూమ్‌లోనే కూర్చుని కలిసి చదువుదాం. సెప్టెంబరులోగా మొదలుపెడితే నవంబరు అప్లికేషన్లకు సరిపడా వ్యవధి ఉంటుంది.

ఇట్లు,
మీ తోటి అధ్యాపకురాలు,
గుంటూరు